బేచిరాగ్ ఊళ్లో పడ్డ బిందువు

ఏ గట్టు పక్కన ఏ ఇంట్లో ఎందరు నిద్ర లేచారో పటం చూడకుండానే ఎరిగిన దేవునికి స్తోత్రం. పటాలు చూడనిదే ఏదీ తెలియని ఉద్యోగంలో నన్ను ఇన్నేళ్లు కాపాడినందుకు మరొకసారి స్తోత్రం.

కామారెడ్డి కొత్త జిల్లా అయ్యాక వచ్చిన రెండో వేసవిలో, గణాంక అధికారిగా ఉన్న నన్ను ఒక తాగునీటి పనికి కేటాయించారు. బోరు కోరిన ప్రతి చోటు నుంచీ అక్షాంశం, రేఖాంశం వచ్చేవి. ఆ బిందువు ఏ జనగణన గ్రామం హద్దులో పడుతుందో తేల్చి, ఆ గ్రామం సంకేత సంఖ్యను, జనాభాను పక్కన చేర్చడం నా పని. అవి చేరాకే మంజూరు. పద్ధతి తేలికైనదే. బిందువు నుంచి ఒక వైపుకు సూటిగా గీత గీయాలి. అది గ్రామం హద్దును బేసిసార్లు దాటితే బిందువు లోపల ఉన్నట్టు, సరిసార్లు దాటితే బయట ఉన్నట్టు. కంప్యూటర్ చేసేదీ ఇదే.

ఎల్లారెడ్డి వైపు నుంచి వచ్చిన ఒక బిందువు మాత్రం నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. అది బేచిరాగ్ గ్రామంలో పడింది. పేరు, హద్దులు, సర్వే నంబర్లు అన్నీ ఉండి, కాపురముండే మనుషులు లేని ఊరిని రెవెన్యూ లెక్కల్లో నిజాం కాలం నుంచీ అలాగే అంటారు. జనాభా సున్నా. మరి అక్కడ బోరు అడిగిందెవరు? అక్షాంశ రేఖాంశాలు తారుమారయ్యాయేమోనని తిప్పి చూస్తే, బిందువు ఉత్తర ధ్రువం దగ్గరి మంచులోకి పోయింది. నిమిషాలను దశాంశాలుగా రాశారేమోనని మార్చి చూస్తే నిజాంసాగర్ నీళ్లలో పడింది. సోమవారం జాబితా ముగుస్తుంది. ఆదివారం ఆరాధనలో పాట పాడుతుంటే పెదవులే కదిలాయి, మనసు ఆ సున్నా చుట్టూ తిరిగింది. ఆశీర్వాదం కాగానే బస్సెక్కాను.

దారి చూపినవాడు గంగారాం, పక్క ఊరి మాజీ వార్డు సభ్యుడు. వాగు దాటగానే ఇండ్లు కనిపించాయి. పొలాలకు దగ్గరగా ఉంటుందని కూలీ కుటుంబాలు ఎన్నో ఏండ్ల కిందటే ఇటు వచ్చి ఇండ్లు వేసుకున్నాయట. బోరు అడిగిందీ వీళ్లే. రేషన్ మాత్రం పక్క ఊళ్లోనే, ఓటూ అక్కడే. జనగణనకు వచ్చినవాళ్లు మా వైపు ముందుగా అడిగేది రేషన్ ఎక్కడ తెచ్చుకుంటారనే. అందుకే వీళ్లందరినీ పక్క ఊరి జనాభాలో కలిపేశారు. మనుషులు ఒక గ్రామంలో, వాళ్ల కాళ్ల కింది నేల ఇంకో గ్రామంలో.

సాయవ్వ అనే పెద్దామె వాగు ఇసుకలో తవ్విన చెలిమ నుంచి బిందెతో వస్తూ ఎదురైంది. లెక్కల ప్రకారం ఈ ఊళ్లో ఎవరూ లేరని చెప్పాను.

“ఎవ్వలు లేరా? మరి గిన్నేండ్ల సంది నాతోని కొట్లాడుతున్న గీ ముసలోడెవ్వడు సారూ, దయ్యమా?” అంది, అరుగు మీదున్న భర్తను చూపిస్తూ.

“దయ్యమెవ్వలో వాడకట్టునడుగు సారూ” అన్నాడాయన.

గంగారాం నన్ను పక్కకు పిలిచాడు. “సారూ, గా చుక్కను వాగు అవతలికి జరంత జరుపుండ్రి. మా ఊరి లెక్కలకొస్తది, బోరు పడ్తది. ఎవ్వలు చూడొచ్చిండ్రు?”

ఒక్క అంకె మారిస్తే చాలు. సరిహద్దు రాయిని జరపడం ఎంత పాపమో సంఘంలో నేనే ప్రసంగించాను. అయినా సాయవ్వ గట్టు ఎక్కలేక బిందె దించుకోవడం చూశాక చెయ్యి ఊరుకోలేదు. ఫోన్‌లో ఆ అంకె దగ్గరికి పోయింది. నన్ను ఆపింది భక్తి ఒక్కటే అని చెప్పను. బోరు వేసినవాడు అక్కడే నిలబడి ఫొటో తీయాలి. ఫొటో తీసిన చోటు జాబితాలోని బిందువుతో కలవాలి. చుక్క వాగు దాటితే బోరూ వాగు దాటుతుంది. వాగు పారే రోజుల్లో వీళ్లు దాన్ని దాటలేరు.

ఆ మాటే చెప్పాను. “అయితే మా ఊళ్లనే పడనియ్యి సారూ, ఏం నష్టం?” అని గంగారాం నవ్వాడు.

సాయవ్వ వింది. “మస్తు చెప్పినవ్ కొడకా! బోరు నీకు, చెలిమ మాకా?”

సోమవారం కామారెడ్డిలో బిందువును కదపకుండానే జాబితా ఇచ్చాను. స్థలం బేచిరాగ్ గ్రామానిదేనని, అక్కడి కుటుంబాలను మాత్రం పక్క గ్రామంలో లెక్కించారని నోట్ జతచేశాను. ఒక పనికి ఒకటే సంకేతం ఉండాలని, రెండు గ్రామాలు రాస్తే జాబితా తీసుకోదని పై అధికారి అన్నారు. ప్రత్యేక అనుమతికి పంపమని బతిమాలాను. పంపారు. జాబితా మాత్రం ఆ సాయంత్రమే సాయవ్వ వాళ్ల బోరు లేకుండా ముగిసింది. తర్వాత వారం వారం ఫోన్ చేసేవాణ్ణి. అనుమతి వచ్చేసరికి మృగశిర వచ్చింది. బోరు లారీ బురదలో దిగబడితే ఊరంతా కలిసి తోశారు.

నేను చూడటానికి వెళ్లిన రోజు సాయవ్వ చేతిపంపు కొట్టి చెంబు నా చేతికిచ్చింది. “మంచిగున్నయి సారూ నీళ్లు. వాన వడ్డంక తెచ్చినవ్.” ఆమె నవ్వలేదు. నేను తాగాను.

బిందువు ఏ హద్దులో ఉందన్నది ఒక ప్రశ్న, అక్కడి మనుషులను ఏ హద్దులో లెక్కించారన్నది వేరే ప్రశ్న. రెండూ విడివిడిగా అడగాలని ఆ పని నాకు నేర్పింది. సరైన జవాబే రాసినా, దానికయ్యే ఆలస్యాన్ని మోసేది రాసినవాడు కాదని కూడా నేర్పింది.

మళ్లీ జనగణన వచ్చింది. ఈసారి ఆ ఇండ్లను ఏ గ్రామంలో రాస్తారో నాకు తెలియదు. రిటైరైనవాణ్ణి, అడిగే అధికారం లేదు. చదువుతున్న మీరు నాతో కలిసి ప్రార్థించండి: ప్రభువా, ఇల్లిల్లూ తిరిగేవాళ్ల కాళ్లకు ఓపిక ఇయ్యి. వాగు దాకా వచ్చినవాళ్లను వెనక్కి తిరగనియ్యకు. ఆమేన్.