ఎనిమిది పిళ్ళయార్ సుళులు

ఆ రోజుల్లో నాకు తెలియనిది ఏదైనా ఉందని ఎవరైనా అంటే, పాపం వాళ్ళకే తెలియదు అనుకునేదాన్ని. ఇరవై రెండేళ్ళ వయసులో అది సహజమే కావచ్చు గానీ, నా విషయంలో ఇంకో కారణం కూడా ఉంది. నేను బడి గడప తొక్కలేదు. చిన్నప్పుడు ఆయాసం ఎక్కువని మా తాతే ముత్తియాల్‌పేట ఇంటి ముందుగదిలో కూర్చోబెట్టి తమిళం, తెలుగు, లెక్కలు నేర్పారు. (మా చుట్టాల్లో తెలుగు మాట్లాడేవాళ్ళే తప్ప రాయగలిగినవాళ్ళు లేరు. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ పుణ్యం ఆయనదే.) తరగతిలో ఉన్నది నేనొక్కదాన్నే కాబట్టి ఎప్పుడూ మొదటి ర్యాంకు నాదే. తాత పెట్టిన నియమం కూడా ఒక్కటే: కాగితం మీద ఏది రాయాలన్నా ముందు నెత్తిన పిళ్ళయార్ సుళి పడాలి. అదే, మా తమిళ ఊళ్ళో పెళ్ళిపత్రిక మొదలు పచారీ సామాను చీటీ దాకా పైన పెట్టుకునే వినాయకుడి గుర్తు, చిన్న మెలిక, దాని కింద రెండు గీతలు. అది లేని కాగితం తాత దృష్టిలో తెల్లకాగితమే. లెక్కలన్నీ సరిగ్గా చేసినా చూడకుండా వెనక్కి ఇచ్చేసేవారు.

అలాంటి నేను టీచర్నయ్యాను. పెద్దవాళ్ళకు చదవడం, రాయడం వచ్చో రాదో తేల్చే పరీక్ష ఒకటి పెడుతున్నారనీ, ఆడవాళ్ళను దానికి తయారు చేయడానికి జీతం అడగకుండా పాఠం చెప్పేవాళ్ళు కావాలనీ తెలిసి, దేవుడే పిలిచాడనుకుని పేరిచ్చాను. తొమ్మిది మంది వచ్చారు. అందరూ తట్టాంచావడిలోని చిన్న చిన్న ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళు. సాయంత్రం షిఫ్టు దిగి, మొహం కూడా కడుక్కోకుండా మా ముందుగదిలో చాపల మీద కూలబడేవాళ్ళు. వాళ్ళలో ఒకామె మందుసీసాలకు లేబుళ్ళు అంటించేది. ఆమెను లేబులక్క అనేవాళ్ళం. పద్దెనిమిదేళ్ళు నిలబడి అంటించీ అంటించీ మోకాళ్ళు అరిగిపోయాయి. పరీక్ష పాసైతే కూర్చుని చేసే తనిఖీ పనికి మారుస్తామని ఫ్యాక్టరీలో చెప్పారట. అయితే నలభై ఐదు నిండినవాళ్ళను మార్చరు. లేబులక్కకు నలభై నాలుగు. పరీక్ష ఏడాదికి ఒక్కసారి. అంటే ఆమెకు ఉన్నది ఆ ఒక్క పరీక్షే.

"నాకు సర్టిఫికేట్ వద్దు పాపా, కుర్చీ గావాల," అనేది మోకాలు రుద్దుకుంటూ.

"వస్తాది లేక్కా. వినాయకుడు చూసుకుంటాడు," అనేదాన్ని నేను. నా బోధన అంతా ఆయన మీదే నడిచేది. మొదటి వారం అక్షరాలే లేవు, సుళి ఒక్కటే. మెలిక ఇంకొంచెం గుండ్రంగా రావాలని పేజీలకు పేజీలు వేయించాను. (ఆ వారంలో 'క' నుంచి మొదలుపెట్టి ఉంటే దీపావళికి ముందే వార్తాపత్రిక చదివేవాళ్ళు.) ఎవరైనా సుళి మరిచిపోతే తాతలాగే కాగితం చూడకుండా తిరిగి ఇచ్చేదాన్ని. అలా తిరిగి ఇస్తున్నప్పుడు నా మొహంలో ఎంత గాంభీర్యం ఉండేదో తలుచుకుంటే ఇప్పుడు ఎక్కడ దాక్కోవాలో తెలియదు.

మిగతావాళ్ళంతా నేను చెప్పింది చెప్పినట్టు చేసేవాళ్ళు, ఒక్క సందేహాలత్త తప్ప. బిస్కెట్లు ప్యాక్ చేసే ఆవిడ నోట్లోంచి ప్రశ్న తప్ప మాట రాదు. పరీక్షకు పది రోజుల ముందు మాదిరి ప్రశ్నపత్రం ఇచ్చారు. అందరూ ముందు పేజీ చదువుతుంటే, అత్త దాన్ని తిరగేసి కళ్ళ దగ్గర పెట్టుకుంది.

"ఏమ్మే టీచరమ్మా, ఈడ వెనకాల సన్నక్షరాల్లో ఏందో ఉండాదే. ఇది చదవద్దా?"

"అది ఆఫీసర్లకత్తా. మనకు గాదు."

"ఆఫీసర్లకైతే నాకెందుకిచ్చినారు?"

"నోరు మూసుకోని ముందు పేజీ చూడత్తా!" అన్నాను. అందరూ నవ్వారు. లేబులక్క అందరికంటే గట్టిగా నవ్వింది. అత్త నోరు మూసుకుంది. నాకు మహా సంతృప్తిగా అనిపించింది.

పరీక్ష రోజు తొమ్మిది పెన్నులు వినాయకుడి పాదాల దగ్గర పెట్టి, పూజ చేసి, తలా ఒకటి ఇచ్చి పంపాను. సాయంత్రం లేబులక్క ఆటో కోసం కూడా ఆగకుండా ఆ మోకాళ్ళతోనే పరుగులాంటి నడకతో వచ్చింది. "అన్నీ రాసేసినా పాపా! ఉత్తరం రాయమన్నారు, అది గూడా! సుళి చూడాల్సింది, అచ్చు నువ్వు పెట్టినట్టే వచ్చినాది!"

ఫలితాలు ఫోన్లో వచ్చాయి. సందేహాలత్త పాస్. మిగతా ఎనిమిది మంది పేర్ల పక్కన మార్కులు లేవు, 'దిద్దబడలేదు' అన్న మాట మాత్రం ఉంది. దిద్దే మిషన్ ఏదో తప్పు చేసిందని నిశ్చయించుకుని, దేవుడికి దండం పెట్టుకుని, సారం అనే పేటలో ఉన్న పరీక్షల ఆఫీసుకు పోయి పోట్లాడాను. అక్కడున్న పెద్దమనిషి నేను చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు. తర్వాత ప్రశ్నపత్రం వెనక్కి తిప్పి నా ముందు పెట్టి, తమిళంలో, "చదవడం వచ్చా అమ్మా?" అని అడిగాడు.

"టీచర్ని సార్!" అన్నాను.

"అయితే చదవండి. నాలుగోది, కాస్త గట్టిగా."

చదివాను. గడుల బయట జవాబుపత్రం మీద ఎటువంటి గుర్తుగానీ, దేవుడి చిహ్నంగానీ ఉంటే ఆ పత్రం దిద్దబడదు. ఒక్క అక్షరం తడబడకుండా, తాత నేర్పిన ఉచ్చారణతో, ఎంత బాగా చదివానో! చదవడంలో పరీక్ష పెట్టి ఉంటే నాకు నూటికి నూరు వచ్చేవి.

తిరిగి వచ్చేసరికి సందేహాలత్త మా వాకిట్లో ఉంది. "నీకు తెలుసు గదా అత్తా, మిగతావాళ్ళకు ఒక్క మాట చెప్పకూడదా?" అని దాదాపు అరిచాను. ఆవిడ నా వైపు నిదానంగా చూసి, "చెప్పబోయినానే. నువ్వు నోరు మూసుకోమంటివి," అంది. నేను నోరు మూసుకోమన్న రోజే ఇంటికి పోయి, రెండు గంటలు అక్షరం అక్షరం కూడబలుక్కుని ఆ వెనక పేజీ చదువుకుందట. మా తొమ్మిది మందిలో చదవడం నేర్చుకున్నది ఆవిడ ఒక్కతే. పదో మనిషిగా నన్ను కలుపుకున్నా లెక్క మారదు.

లేబులక్కకు నేనే చెప్పాను. మెట్టు మీద కూర్చుని వింది.

"అంటే, నేను తప్పు రాయలేదా?"

"ఎవరూ చూడనే లేదక్కా. పైన సుళి చూసి పక్కన పెట్టేసినారు."

ఆమె మోకాలి మీద చెయ్యి వేసి లేస్తూ, "సరి పో. వినాయకుడికి ముందు సీటు ఇచ్చేస్తిమి, మనకు కుర్చీ లేకుండా పోయె," అంది. నవ్వింది కూడా. తిట్టి ఉంటే బాగుండేది. మర్నాడు పొద్దున ఆరింటికి మా వీధిలోంచే షిఫ్టుకు పోయింది, ఇంకో పదమూడేళ్ళు నిలబడడానికి.

నేను ఇప్పటికీ పాఠం చెబుతున్నాను. చాప మీద కూర్చున్నవాళ్ళ చేత మొదట కాగితం వెనక పేజీ చదివిస్తాను. లేబులక్క ప్రతి ఏడూ పరీక్షకు ముందు ఒకసారి వచ్చి, నేను ఎంత బతిమాలినా కుర్చీలో కూర్చోకుండా, గుమ్మానికి ఆనుకుని నిలబడి కొత్తవాళ్ళతో అంటుంది: "టీచరమ్మ నోరు మూసుకోమంటే మాత్రం మూసుకోబాకండి!" అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను. దేవుడు నాకిచ్చినవన్నీ రోజూ పేరుపేరునా తలుచుకుని దండం పెట్టుకునే అలవాటు నాకుంది: ఊపిరి, తాత, అక్షరం, ఈ ముందుగది. ఆ ఏడాది దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఏమనాలో తెలియక దాటేస్తాను. ఆయన కూడా ఎప్పుడూ అడగలేదు.

ఇదంతా రాయడానికి కూర్చున్నప్పుడు చెయ్యి తనంతట తానే కాగితం పైకి పోయి, గుండ్రంగా, ఎంతో అందంగా ఒక సుళి పెట్టేసింది. చెరిపేద్దామనుకుని ఆగాను. ఆ ఇరవై రెండేళ్ళ పిల్ల ఎంత శ్రద్ధగా నేర్పిందో! ఉండనిద్దాం, ఈ కాగితానికి ఎవరి కుర్చీ కూడా ముడిపడి లేదు కదా.