నాలుగువందల పన్నెండు పేజీల ముక్కు

సుందరరామయ్య గారు లోకంలో దేన్ని వర్ణించినా ముక్కుతో మొదలుపెట్టేవారు. పిట్టయితే పిట్ట, మనిషైతే మనిషి, బియ్యపు గింజైతే బియ్యపు గింజ. ముందు ముక్కు, తరువాత తల, ఆ పైన మెడ, వీపు, రెక్క, కాలు. అప్పటికీ ఎదురుగా ఎవరైనా మిగిలి ఉంటే చివర్న తోక. ఈ వరస తప్పితే సృష్టి తలకిందులవుతుందని ఆయన నమ్మకం. తోక దాకా ఆగినవాడు శాలిబండ మొత్తంలో ఒక్కడూ లేడు కనుక సృష్టికి ఇంతవరకు ఏ ప్రమాదమూ రాలేదు.

నయాపూల్ అవతల ఒక పాత మేడలో సర్కారు వారి పక్షుల ప్రదర్శనశాల ఉండేది. ప్రదర్శనశాల అంటే మూడు గదులు, పదకొండు అద్దాల బీరువాలు, మూడు కాళ్ళూ ఒక ఇటుకా కలిగిన కుర్చీ. పక్షులన్నీ ఎప్పుడో ఒక జాగీర్దారు వేటాడి, లోపల గడ్డి కూరించి, ఆనక బూజు దులపలేక సర్కారుకు దానం చేసినవి. వాటికి పేర్లు రాసి, వర్గాలు విడదీసి, కాలికి చీటీ కట్టడం సుందరరామయ్య గారి ఉద్యోగం. దుమ్ము దులపడం అటెండరు భిక్షపతి ఉద్యోగం. వచ్చి చూడడం ప్రజల బాధ్యత. ముగ్గురిలో ప్రజలే బాధ్యత లేనివాళ్ళు.

భిక్షపతి ఉద్యోగంలో చేరిన రోజునే ఆయన కళ్ళజోడు సవరించుకుని, “అటు తిరుగు” అన్నారు. భిక్షపతి తిరిగాడు.

“ముక్కు మధ్యరకం. మొదట్లో అణిగి, కొన కుడికి వంగింది. ఈ వంపు పుట్టుకతో వచ్చిందా, తరవాతా?”

“గోలీలాటల కొట్లాటైంది సార్.”

“అయితే జాతిలక్షణం కాదు. సొంత సంపాదన,” అని పుస్తకంలో రాసుకున్నారు.

ఆ సాయంత్రం భిక్షపతి ఇంటికి పోయి, “ఆంధ్ర సారు నా ముక్కు రాసుకున్నడే” అని భార్య కళావతికి చెప్పాడు.

“జీతం రాసుకున్నడా?”

“ఇంకా ముక్కు కాడనే ఉన్నడు.”

ఇద్దరి ఇళ్ళూ శాలిబండలో ఒకే గల్లీ కావడంతో భిక్షపతికి పదింటి నుంచి అయిదింటి దాకా వినే శాస్త్రం చాలదన్నట్టు, సెలవు రోజుల్లో కూడా కొంత వినే యోగం పట్టింది. రేషను షాపు రామ్‌చందర్ సంగతే తీసుకోండి. ఒక శనివారం అతను షట్టరు సగం దించేశాడు. సుందరరామయ్య గారు ఆ సందులోంచి వంగి లోపలికి దూరి, గుప్పెడు బియ్యం తీసి అరచేతిలో పరిచారు.

“రామ్‌చందరూ, ఇవన్నీ ఒకే రకం అని అమ్ముతున్నావు. ఇందులో మూడు వర్గాలున్నాయి. ముక్కున్నది, ముక్కు విరిగింది, ముక్కు అసలు ఏర్పడనిది...”

“సార్, టైం అయింది. షట్టర్ దించాలె.”

“దించవయ్యా. మొదటి వర్గం కాగానే దించు.”

మొదటి వర్గం అయ్యేసరికి అరగంట పట్టింది. రామ్‌చందర్ తల పట్టుకుని గోనెసంచి మీద కూలబడ్డాడు. పనిలోంచి పరుగున వచ్చిన గల్లీలోని సత్తెమ్మ ఆ సందులోంచే కిరోసిన్ డబ్బా తోసి, “జర పొయ్యి బాపూ” అంది. రామ్‌చందర్ పోశాడు. ఇంకో వర్గం వినడం కన్నా అదే నయం. గల్లీ అంతా వారం రోజులు ఈ ముచ్చట చెప్పుకుని నవ్వింది. అందరికంటే ఎక్కువ నవ్వింది భిక్షపతే.

అయితే సుందరరామయ్య గారి పంచప్రాణాలూ ఏడో బీరువాలో ఉండేవి. అందులో ఏడు హార్న్‌బిల్ పక్షులు. ఇవి వానలు దండిగా కురిసే దట్టమైన అడవుల్లో బతికేవి. దేవుడిచ్చిన పెద్ద ముక్కు చాలక దాని మీద ఇంకో ముక్కు లాంటి కొమ్ము పెట్టుకుని పుడతాయి. భిక్షపతి వాటిని కొమ్ముపిట్టలు అనేవాడు. ముక్కుతో మొదలుపెట్టే మనిషికి ముక్కు మీద ముక్కున్న పక్షి దొరకడాన్ని కొందరు అదృష్టం అంటారు. ఆయన భార్య కోటేశ్వరమ్మ గారు మాత్రం అలా అనలేదు.

ఆ ఏడింటినీ ఆయన మూడు వర్గాలు చేశారు. కొమ్ము బోర్లించిన దోనెలా ఉన్నవి, గొడ్డలి అంచులా ఉన్నవి, కొమ్ము పెరగక ముక్కుతోనే సరిపెట్టుకున్నవి. ఆ పైన ముక్కు రంగు: పచ్చనిది ఒక తెగ, నల్లటి బూడిదరంగు ఇంకో తెగ. పెద్దరకంలో కన్ను ఎర్రగా ఉంటే మగది, తెల్లగా ఉంటే ఆడది. ఈ సంగతులన్నీ వివరిస్తూ పదకొండేళ్ళుగా ఒక గ్రంథం రాస్తున్నారు. నాలుగువందల పన్నెండు పేజీలయ్యాయి. ఇంకా ముక్కు పూర్తి కాలేదు.

“సార్, బతికున్న కొమ్ముపిట్టను ఎన్నడన్న చూసిండ్రా?” అని ఒకసారి అడిగాడు భిక్షపతి.

“లేదు.”

“ఒక్కపారి అడవికి పోయి చూడరాదు?”

“అడవిలో అవి కదులుతాయి భిక్షపతీ,” అన్నారాయన బాధగా.

ఇంట్లో కూడా ఇదే. “తెలుసా కోటేశ్వరమ్మా, గుడ్లు పెట్టే కాలంలో ఆడపక్షి చెట్టు తొర్రలో కూర్చుని వాకిలి మెత్తి మూసేసుకుంటుంది. ముక్కు దూరేంత సందు మాత్రం వదుల్తుంది. మగపక్షి రోజూ పళ్ళు తెచ్చి ఆ సందులోంచి అందిస్తుంది. నెలల తరబడి!”

“ఆ మగపక్షికి గ్రంథం రాసే పని లేదు కాబోలు. సంచీ అక్కడుంది. దొండకాయలు తెండి,” అనేవారావిడ.

ఇలా శాస్త్రం ముక్కు దగ్గర సుఖంగా ఆగి ఉండగా, డెబ్భై ఆరో సంవత్సరం ఆషాఢంలో పైనుంచి కాగితం వచ్చింది. సోమవారం పదకొండు గంటలకు డిప్యూటీ డైరెక్టరు భాస్కరరావు గారు తనిఖీకి వస్తారు. పక్షులు రిజిస్టరులో రాసినట్టు ఉంటే తాత్కాలిక అటెండరు పోస్టు పర్మనెంటవుతుంది. చెడిపోయి ఉంటే పోస్టు రద్దవుతుంది.

ఆ తాత్కాలిక అటెండరు భిక్షపతే. తొమ్మిదేళ్ళుగా తాత్కాలికం. మూడు నెలలకొకసారి ఉద్యోగం పోతుందేమో అని భయపడడం, ఇంకో మూడు నెలలు పొడిగించారని ఊపిరి పీల్చుకోవడం అతనికి వానాకాలం ఎండాకాలంలాగా అలవాటయ్యాయి. ఇద్దరు పిల్లలు, కిరాయి ఇల్లు, వేరే చేతిపని రాదు.

“పిట్టలు మంచిగున్నయా?” అని అడిగింది కళావతి.

“బూజు లేదు, పురుగు లేదు. మూతులే జర పాలిపోయినయి. సచ్చి ఎన్నేండ్లాయె మరి.”

“మరి రంగెయ్యరాదు? బోనం కుండకు రంగెయ్యకుంట అమ్మవారి కాడికి తీస్కపోతమా ఏంది?”

న్యాయమైన మాట. బోనాల రోజులు, కళావతి తమ్ముడు బాలనర్సింహ గల్లీలోని కుండలన్నిటికీ రంగులు వేస్తూ చేతులు ఖాళీ లేకుండా ఉన్నాడు. మిగిలిన పసుపు రంగు ఒక డబ్బా, ఎరుపు అర డబ్బా ఇచ్చి, “బావా, రెండు చేతులు పుయ్యి. మస్తు మెరుస్తది” అని సలహా కూడా ఉచితంగా ఇచ్చాడు.

భిక్షపతి ఆదివారమంతా కూర్చుని ఏడు ముక్కులకూ రెండేసి పూతలు పసుపు పూశాడు. కొమ్ము అంచున ఎర్ర గీత దిద్దాడు. అంతటితో ఆగక, అలసటగా కనిపించిన కళ్ళన్నిటికీ ఎర్రటి చుక్క పెట్టాడు. బీరువా తలుపు మూసి వెనక్కి నిలబడి చూస్తే, ఏడు పక్షులూ అప్పుడే లాల్‌దర్వాజా జాతరకు బయలుదేరినట్టున్నాయి. తన ఉద్యోగానికి ఇక ఫికరు లేదనుకున్నాడు.

సోమవారం పదిన్నరకు సుందరరామయ్య గారు బీరువా ముందు నిలబడ్డారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. పక్షులు మారలేదు.

“భిక్షపతీ, ఇదేవిటి?”

“రంగు సార్. జర కళ వస్తదని.”

“ఏడింటికీనా?”

“ఒకదానికేసి ఇంకోదానికి ఎయ్యకుంటే అన్యాలమైతది గద సార్.”

“రిజిస్టరులో మూడో పక్షికి నల్లటి బూడిద ముక్కని నా చేత్తో రాశాను. ఇప్పుడది పసుపు. రెండోది ఆడపక్షి. ఎర్ర కళ్ళు పెట్టి మగపక్షిని చేశావు. ఏడు పక్షులు, మూడు వర్గాలు! ఒక్క ఆదివారంలో ఒకే వర్గం చేశావు. భగవంతుడు కూడా ఇంత తొందరపడలేదయ్యా!”

అప్పుడు అర్థమైంది భిక్షపతికి. “కిరాసిన్ తెచ్చి తుడుస్త సార్...”

“అరగంటలో పోతుందా?”

“పోదు సార్. రెండు చేతులు పూసిన.”

మెట్ల మీద బూట్ల చప్పుడైంది. చచ్చిన పక్షి చీటీ మీద చుక్క తప్పు పడితే మూడు పూటలు అన్నం మానే మనిషి ఈ సారు. ఇప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్తాడు. చెప్పకుండా ఉండలేడు. భిక్షపతి మనసులో ఉద్యోగానికి దండం పెట్టుకున్నాడు.

భాస్కరరావు గారు వచ్చి మూడు కాళ్ళ కుర్చీలో జాగ్రత్తగా కూర్చున్నారు. “మిగతా బీరువాలు తరవాత చూద్దాం. మీ హార్న్‌బిల్స్ గొప్పవని విన్నాను. చూపించండి.”

“భిక్షపతీ, లోపలి గదిలోంచి ఒకటో నంబరు తీసుకురా,” అన్నారు సుందరరామయ్య గారు. “అలా కాదు. వెనక్కి తిప్పి పట్టుకో. ముక్కు గోడవైపు. ఆఁ, అంతే. అయ్యా, తోకతో మొదలుపెడదాం.”

భిక్షపతి పక్షిని రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు. తొమ్మిదేళ్ళలో ఆయన నోట ఆ మాట విన్నది ఇదే మొదలు.

తోక అంటే ఏమిటి? తోక ఎందుకు? తోక లేని జంతువుల గతి ఏమిటి? ఇలా ఇరవై నిమిషాలు నడిచింది. ఆ తరువాత ఈకలు. “హార్న్‌బిల్ కుటుంబానికి తోకలో ఈకలు పది. లెక్కించి చూపిస్తాను.” లెక్కించారు. ఒక్కో ఈకకు వెన్ను, అంచు, మొదలు, చివర, వాటి రంగులు. పది. మళ్ళీ రెండో పక్షి. అదీ పది.

“సుందరరామయ్య గారూ, ముక్కు చూపిస్తే చాలండీ,” అన్నారు భాస్కరరావు గారు.

“వస్తోందండి. తోక అవగానే నడుము, నడుమవగానే వీపు. ముక్కు చివర్న. శాస్త్రానికి ఒక వరసంటూ ఉంది కదా.”

ఒంటిగంటయింది. మూడో పక్షి తోకలో ఆరో ఈక నడుస్తోంది. భాస్కరరావు గారి కడుపులోంచి ఒక శబ్దం వచ్చింది. దాన్ని కూడా వర్గీకరిస్తారేమోనని ఆయన గబుక్కున లేచి, “నేనే అటు వచ్చి చూస్తాలెండి” అని గోడవైపు రెండడుగులు వేశారు. భిక్షపతి కళ్ళు మూసుకున్నాడు.

“తప్పకుండా చూడండి,” అన్నారు సుందరరామయ్య గారు. “అయితే ముక్కు దగ్గరికి వెళ్తే మొదట్నుంచీ వినాలి. దాని మీద నేను రాసింది నాలుగువందల పన్నెండు పేజీలు. భిక్షపతీ, పక్షిని కదపకు. నేనే తీసుకొస్తాను.” బీరువా వెనక నుంచి తాడుతో కట్టిన కాగితాల మూట తెచ్చి బల్లమీద దబ్బుమని పెట్టారు. దుమ్ము లేచింది. “కూర్చోండి. మొదటి ప్రకరణం...”

భాస్కరరావు గారు కూర్చోలేదు. నిలబడే కలం తీశారు.

“ఏడు పక్షులకీ ముక్కులున్నాయి కదా?”

“ఉన్నాయండి. ఏడుకి ఏడు.”

“రంగులూ?”

“రిజిస్టరులో రాసి ఉన్నాయండి.”

“పక్షులు సంతృప్తికరం. అటెండరు పోస్టు పర్మనెంటు చేయవచ్చు” అని రాసి సంతకం పెట్టి, గొడుగు మర్చిపోయి మరీ మెట్లు దిగారు. ఆయన పైకి పంపిన నివేదికలో ఇంకో వాక్యం కూడా ఉందని తరువాత తెలిసింది: ‘ఈ ప్రదర్శనశాలకు మూడేళ్ళ దాకా మళ్ళీ తనిఖీ అవసరం లేదు.’

భిక్షపతి పక్షిని మెల్లగా బల్లమీద పెట్టాడు. “సార్, మీరు నా కోసమని...” అన్నాడు.

“నీ కోసం కాదు. శాస్త్రద్రోహీ! వెళ్ళి కిరోసిన్ తీసుకురా!” అని కేకవేశారు సుందరరామయ్య గారు. “ఆయన అడిగినవాటికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఒక్క అబద్ధం ఆడానా? ఎవరు రంగేశారని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.”

నెలన్నరకు పర్మనెంటు కాగితం వచ్చింది. భిక్షపతి, కళావతి మిఠాయి పొట్లంతో ఆయన ఇంటికి వెళ్ళారు. సారు స్నానానికి వెళ్ళారు. కోటేశ్వరమ్మ గారు పొట్లం అందుకుంటూ, “ఆవేళ మీ ఆఫీసులో ఏం జరిగిందయ్యా? ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు” అన్నారు.

“ఏమన్నరమ్మా సారు?”

“‘తోక గురించి నాకు ఒక్క ముక్క తెలీదు, చదవలేదు, రాయలేదు. తెలిసినట్టు రెండు గంటలు మాట్లాడాను, సిగ్గుగా ఉంది’ అన్నారు. ఆ రాత్రే రెండో సంపుటం మొదలెట్టారు. తోక మీద.”

కళావతి కొంగు నోటికడ్డం పెట్టుకుంది. భిక్షపతి నవ్వలేదు. తనను పర్మనెంటు చేసిన అసలు కారణం ఇప్పుడు తెలిసింది. పదకొండేళ్ళ పాటు తోకలు పట్టుకునే మనిషి కావాలి.

మర్నాడే పని మొదలైంది. ముక్కులు అప్పటికి కిరోసిన్ తిని అసలు రంగుకు వచ్చాయి, ఆడపక్షి మళ్ళీ ఆడపక్షి అయింది. భిక్షపతి ఒక్కో తోకా విప్పి ఈకలు లెక్కపెట్టడం, చెప్పడం, రాయడం. ఒకటో నంబరు పది. రెండో నంబరు దగ్గర ఆగి, మళ్ళీ లెక్కపెట్టాడు. మూడోసారి వేలు పెట్టి లెక్కపెట్టాడు.

“సార్, గీ పిట్టకు తొమ్మిదే ఉన్నయి.”

“తొమ్మిదే రాయి. ఉన్నది ఉన్నట్టు రాయాలి.”

“మరి ఆ దినం ఆ సారు ముంగట పది లెక్కవెట్టిండ్రు గద?”

సుందరరామయ్య గారు కళ్ళజోడు తీశారు. అద్దాలు తుడిచారు. శుభ్రంగానే ఉన్నా ఇంకోసారి తుడిచారు.

“ఆ రోజు పదే ఉన్నాయి. తరవాత ఒకటి రాలిపోయి ఉంటుంది,” అన్నారు.

తొమ్మిదేళ్ళుగా ఆ గది రోజూ ఊడ్చేది భిక్షపతే. ఈక కాదు కదా, ఈక ముక్క కూడా ఎన్నడూ అతని చీపురుకు తగల్లేదు.

“అయుంటది సార్. మొన్న గాలి మస్తుండె,” అని తొమ్మిది రాసుకున్నాడు.