అయిదో వంతెన

పసుపునీళ్ళలో తడిసిన వేపమండల వాసన పక్కవాటాలోంచి వస్తే చాలు, రాజమండ్రిలో పొద్దున్నే కాలేజీకి తయారవుతున్న నేను చీర కుచ్చిళ్ళు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోతాను. ఆ రోజు చెప్పాల్సిన పాఠం చుక్కలూ గీతలదైతే మరీనూ. చుక్కలంటే ఊళ్ళు, గీతలంటే దారులు అని పిల్లలకు బోర్డు మీద గీస్తాను గానీ, నా మనసులో మెదిలేది మాత్రం మా అమ్మమ్మగారి ఊరే.

ఆ ఊరు రెండు కాలువల మధ్య ఉండేది. పెద్దకాలువ మీద రెండు వంతెనలు, దాటితే ఉత్తరపు గట్టు. పిల్లకాలువ మీద మరో రెండు, దాటితే దక్షిణపు గట్టు. గుడి రెండు కాలువల నడుమ, అమ్మమ్మ ఇల్లు దక్షిణపు గట్టు మీద. ఫాల్గుణంలో జాతర వచ్చేసరికి దాళ్వా వరిచేలు మోకాలెత్తు పచ్చగా ఊగుతుండేవి, గాలికి కాలువ బురద వాసనా, ఎక్కడో కాగుతున్న బెల్లం పాకం వాసనా కలిసి వచ్చేవి, ఇంటింటా చలిమిడికి పిండి దంచే చప్పుళ్ళు, నానేసిన వడపప్పు గిన్నెలు, మిరియాల ఘాటుతో పానకం బిందెలు, వాకిళ్ళలో తొక్కుడుబిళ్ళ ఆడుతూ డప్పులు వినబడగానే బిళ్ళ వదిలేసి పరిగెత్తే మేమూ.

ఆ డప్పులు గరగవి. గరగ అంటే అమ్మవారి కలశం. నెత్తిన పెట్టుకుని, డప్పులకు అడుగులు వేస్తూ ఊరంతా తిప్పుతారు. మా ఊళ్ళో దానికో కట్టుబాటు ఉండేది: గుడి దగ్గర బయల్దేరిన గరగ ప్రతి వంతెననూ తొక్కాలి, తొక్కిన వంతెన ఆ జాతరలో మళ్ళీ తొక్కకూడదు, చివరికి గుడికి చేరాలి. ఒక్కో గట్టుకూ ఒక వంతెన మీద వెళ్ళి రెండోదాని మీద వచ్చేసేది. మోకాళ్ళు వాచి గుమ్మం దిగలేని అమ్మమ్మకు ఏడాది మొత్తంలో అమ్మవారు కనిపించేది, గరగ మా గట్టుకు వచ్చిన ఆ కాసేపే. కుర్చీలోంచి లేవకుండానే, గరగ ఎత్తినాయన పాదాల మీద పసుపునీళ్ళు పోసేది.

తొంభైల్లో, నేను ఆరో తరగతిలో ఉండగా, పిల్లకాలువ మీద మూడో వంతెన కట్టారు. ఊరంతా సంబరపడింది. జాతర దగ్గరపడ్డాక గానీ చిక్కు తెలియలేదు. అమ్మవారు తొక్కని వంతెన మీద పిల్లల్ని ఎలా పంపుతామని ఆడవాళ్ళు పట్టుబట్టారు. తొక్కితే గరగ గుడికి తిరిగొచ్చే దారి కనబడలేదు. దారి ఒకటి ఎక్కువైతే అసలు దారే లేకుండా పోవడమేమిటో ఎవరికీ బోధపడలేదు. చివరికి గుడి పెద్ద సూర్రావు గారు తేల్చేశారు.

"అసలు దక్షిణపు గట్టు జోలికే వెళ్ళకపోతే సరండి. గొడవే ఉండదు."

ఆ మాట విని అమ్మమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. నాకు ఏడుపొచ్చింది. హైస్కూల్లో లెక్కలు చెప్పే మా మావయ్యకు పౌరుషం వచ్చి, అరుగు మీద సుద్దముక్కతో ఊరంతా గీశాడు. ఇటు కాకపోతే అటు, అన్నీ వరసగా చూసేస్తే ఏదో ఒకటి దొరక్కపోదన్నాడు. ఒక్క వంతెన పెరిగేసరికి తిరిగే రకాలు ఇన్నని కాదు, ఏది చూశామో ఏది చూడలేదో కూడా తెలియకుండా పోయింది. ఎటు బయల్దేరినా చివరికి అమ్మమ్మ గట్టు మీదే తేలుతున్నాం.

"మావయ్యా, దారి లేదా, ఉండి మనకి దొరకట్లేదా?"

"అదే తెలీట్లేదే బుజ్జీ."

"పోనీ వంతెనలొదిలేసి, ఇంటింటికీ ఒక్కసారే వెళ్ళి రావాలంటే?"

"ఉన్న తలనొప్పి చాల్లేదేంటే నీకు!"

ఆ రెండో ప్రశ్నే ఇప్పుడు నా పాఠంలో సగం. వంతెనల సంగతి సులువే: గట్టుకు బేసి వంతెనలుంటే వెళ్ళి, వచ్చి, మళ్ళీ వెళ్ళి అక్కడే ఉండిపోతాం, వెతకక్కర్లేదు, వంతెనలు లెక్కపెడితే చాలు. ఇళ్ళ సంగతికి మాత్రం, ఊరు ఎంత పెద్దదైనా చిటికెలో తేల్చే కిటుకు ఎవరికీ దొరకలేదు, అలాంటి కిటుకు లేనే లేదని కూడా ఎవరూ రుజువు చెయ్యలేదు. కవలల్లాంటి రెండు ప్రశ్నలకు ఇంత తేడా ఎందుకని పిల్లలు అడిగితే ఏదో చెబుతాను. చెప్పాక నాకే అయోమయంగా ఉంటుంది.

జాతర ముందురోజు మావయ్య సూర్రావు గారిని పిలుచుకొచ్చి అరుగు మీది గీతలు చూపించాడు.

"ఎటు తిప్పినా అమ్మవారు ఈ గట్టు మీదే ఆగిపోతోందండి."

లోపల్నుంచి అమ్మమ్మ అంది: "ఆగితే ఆగనివ్వండి సూర్రావు గారూ. మా ఇంట్లో అమ్మకి చోటు లేదేంటి?"

ఆయన గీతల మీద వేలు పెట్టి ఒక్కొక్క వంతెనా దాటి చూసి, "గుడికి చేరాలనే ఉందండి కట్టుబాటులో," అన్నారు నెమ్మదిగా. "ఏ ఏడు చేరాలో లేదు."

అలా గరగ ఏడాదిపాటు అమ్మమ్మ ఇంట్లో ఉండిపోయింది. అమ్మమ్మ రోజూ దీపం పెట్టి, కూర ఏం వండిందో కూడా అమ్మవారికి చెప్పేది. మరుసటేడు జాతరకు గరగ మా వాకిట్లోంచే బయల్దేరి, అయిదు వంతెనలూ తొక్కి గుడికి చేరింది. సాగనంపుతూ అమ్మమ్మ, కూతుర్ని అత్తారింటికి పంపుతున్నట్టు ఏడ్చింది. ఆ తర్వాత ఏడాది విడిచి ఏడాది అమ్మ మా ఇంటికి వచ్చేది.

అమ్మమ్మ పోయింది. పిల్లకాలువ సగం పూడిపోయింది. కట్టుబాటు ఎప్పుడు పోయిందో అడిగితే ఊళ్ళో ఎవరూ చెప్పలేకపోయారు. కిందటేడు జాతరకు వెళ్తే గరగను వ్యానెక్కించి తిప్పుతున్నారు; వెళ్ళిన వంతెన మీదే వెనక్కి వచ్చేస్తోంది, చీకటి పడకముందే గుడికి చేరిపోతోంది. ఇప్పుడు ఎవరింట్లోనూ ఆగాల్సిన అవసరం ఆ తల్లికి లేదు.