ఎక్కడని అడగలేదు

భోగాపురం దగ్గర మా మామగారి మందుల షాపులో పదకొండేళ్లుగా కౌంటరు చూస్తున్నాను. ఫార్మసీ చదివాననే నన్ను ఆ ఇంటికి కోడలిగా తెచ్చుకున్నారు.

ఒకామె రోజూ సముద్రం ఒడ్డు నుంచి చేపలు తెచ్చి మా వీధి చివర అమ్మేది. మా అత్తగారికి ఆ వాసన పడదు. అందుకే గంప రోడ్డవతల దించి వచ్చి, మెట్టు కింద నిలబడే మందులు అడిగేది. ఒక రోజు షాపుకొచ్చిన మగవాళ్లందరూ వెళ్లేదాకా ఆగింది. మామగారొక్కరే మిగిలారు.

"సెల్లీ, ఉలిపిరికాయలకి మందేటైనా ఉన్నాదా?"

"ఉందక్కా. కాయ మీదే రాయి, పక్కన అంటనివ్వకు" అని యాసిడ్ మందున్న చిన్న సీసా ఇచ్చాను. చేతికో కాలికో అనుకున్నాను. ఎక్కడ అని అడగాలి. చదువుకున్నదాన్ని, అడగడం నా పని. అడగలేదు.

వారం రోజులు ఆమె కనబడలేదు. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం, నేనొక్కదాన్నే ఉన్నప్పుడు, గంప లేకుండా వచ్చింది. కాళ్లు ఎడంగా వేసి నడుస్తోంది. మొదటిసారి మెట్టెక్కి లోపలికి వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోలేకపోయింది.

"కాలిపోనాది సెల్లీ. ఒంటేలుకెల్తే పేణం పోతన్నాది."

అప్పుడర్థమైంది నాకు.

"ముందే చెప్పలేదేటక్కా?"

"మీ మావ కూకున్నాడు గదా. ఆ సోటని మగోడి ముందర ఎలాగ సెప్పీది?"

షట్టరు దించేసి ఆమెను ఆటోలో విజయనగరం తీసుకెళ్లాను. దారంతా ఊచ పట్టుకుని సగం లేచే ఉంది. అక్కడి లేడీ డాక్టరు పరీక్ష చేసి, ఈ మందు ఎవరిచ్చారని అడిగింది. నేనేనన్నాను. ఆవిడ కుర్చీ ఆమె వైపు జరుపుకుంది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

ఆమెకు నెమ్మదిగా చెప్పింది. ఇది వైరస్ వల్ల వస్తుంది, భార్యాభర్తల కలయికలో ఒకరి నుంచి ఒకరికి అంటుతుంది. చేతి మీద కాయలకు రాసే మందు అక్కడ రాయకూడదు. ముందు పుండు మానాలి, తర్వాత కాయలను బాగా చల్లటి మందుతో గడ్డకట్టించి రాలగొడతారు. పోయినా మళ్లీ రావచ్చు. ఈ కాయలు మామూలుగా క్యాన్సర్‌గా మారవు. కానీ ఇదే జాతి వైరస్‌లో వేరే రకాలు గర్భసంచి మూతికి క్యాన్సర్ తెస్తాయి కాబట్టి ఆ పరీక్ష కూడా చేయించుకోవాలి.

అంతా విని ఆమె ఒక్కటే అడిగింది.

"మా ఆయన గుజరాతు సేపల బోటుల మీద ఉంటాడమ్మా. ఆడి కాణ్ణించేనా?"

"చెప్పలేనమ్మా. ఇది ఒంట్లో నెలలు, ఏళ్లు కూడా బయటపడకుండా ఉంటుంది. ఎవరి నుంచి ఎప్పుడు వచ్చిందో తేల్చలేం. ఆయన్ని కూడా తీసుకురా."

పుండు మానడానికి మూడు వారాలు పట్టింది. తర్వాత మూడుసార్లు వెళ్లి గడ్డకట్టించుకుంది. క్యాన్సర్ పరీక్షలో ఏమీ లేదని వచ్చిన రోజున కాగితం నా చేత రెండుసార్లు చదివించుకుంది. అప్పుడైనా నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

వేసవిలో భర్త వచ్చాడు. ఆమె దాచకుండా చెప్పింది.

"ఏటన్నాడక్కా?" అని అడిగాను.

"నాకేటీ నేదు, నీకెక్కడంటుకున్నాదో నువ్వే సెప్పాల అన్నాడు."

డాక్టరు దగ్గరకు రానన్నాడు. తల్లికి చెప్పాడు. అత్త ఆమె బక్కెట్టు, చెంబు వేరు చేసింది. ఆమెకేదో అంటుజబ్బని వీధిలో పాకింది. ఆమె చేతి చేప కొనడానికి కొందరు వెనకాడారు. చేప ముట్టుకుంటే అంటుకునే జబ్బు కాదని నేను ఎవరికి చెప్పను? నాకెలా తెలుసని అడిగితే ఆమె గుట్టే బయటపడుతుంది. వానలు మొదలయ్యాక అతను పెట్టె సర్దుకుని బోట్లకి వెళ్లిపోయాడు.

కొన్నాళ్లకు రెండు కాయలు మళ్లీ వచ్చాయి. తోడొస్తానంటే వద్దంది. ఒక్కతే బస్సెక్కి వెళ్లి చూపించుకుని వచ్చింది. ఇప్పుడు తలనొప్పి బిళ్లకి కూడా బస్టాండు దగ్గరి షాపుకే వెళ్తోంది. ఒకసారి దారిలో ఎదురైతే, నా మీద కోపమా అని అడిగేశాను.

"కోపమెందుకే? నిన్ను సూస్తే అదే గుర్తుకొస్తాది, అంతే" అని గంప సర్దుకుని వెళ్లిపోయింది.