మొసలి చేయి అందే ఎత్తు

మా అమ్మాయికి జీవితంలో మొదటి శత్రువు ఒక చెక్క మొసలి. తాడేపల్లిగూడెం దాటాక హైవే పక్కన ఒక రిసార్టు ఉంది. గదులు, నీళ్ళ ఆటలు, ఇనుప స్తంభాలకు వేలాడుతూ ఆకాశంలోకి ఊగే పెద్ద పడవ, అన్నీ ఒకే కాంపౌండులో ఉంటాయి. ఆ పడవ దగ్గర, క్యూ మొదట్లో, ఈ మొసలి రెండు కాళ్ళ మీద నిలబడి ఒక చేయి పక్కకి చాపి ఉంటుంది. పిల్లలు ఆ చేతి కింద నిలబడాలి. తల తగిలితే పడవ ఎక్కనిస్తారు. తగలకపోతే వెనక్కి రావాలి. మొసలి మాత్రం రెండు సందర్భాల్లోనూ నవ్వుతూనే ఉంటుంది.

రెండో తరగతిలో ఉండగా స్కూలు వాళ్ళు అక్కడికి విహారయాత్ర తీసుకెళ్ళారు. క్లాసులో అందరి తలలూ తగిలాయి. మా అమ్మాయి తల తగల్లేదు. అందరూ పడవలో కేకలు పెడుతుంటే ఇది కింద నిలబడి వాళ్ళ వాటర్ బాటిళ్ళు పట్టుకుంది. ఇంటికొచ్చి ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. అన్నం తింటూ, "బాటిళ్ళు చాలా బరువుగా ఉన్నాయమ్మా," అని మాత్రం అంది.

రిసార్టు వాళ్ళ ప్రకటనలో మొసలి చేయి ఎంత ఎత్తో రాసి ఉంది. ఏలూరులో మా వంటగది గుమ్మానికి టేపు పెట్టి కొలిచి, ఆ ఎత్తులో పెన్సిల్ గీత గీశాను. ఆ పిల్ల రోజూ పాలు తాగే ముందు ఒకసారి, తాగాక ఒకసారి ఆ గీత కింద నిలబడేది.

మా అత్తవారిది మండవల్లి పక్క ఊరు. చేపల చెరువులు. ఆ ఇంట్లో ఎదుగుదల గురించి ఎవరు మాట్లాడినా చెరువు భాషలోనే మాట్లాడతారు. "మేత చాలడం లేదమ్మా," అని అత్తయ్యగారు ఫోనులో తేల్చేశారు. చెరువులో పిల్లలు మరీ ఒత్తుగా ఉంటే ఎదగవని మామగారు వెనక నుంచి అందించారు. మా ఇంట్లో ఉన్నది ఇద్దరే, దీనికో తమ్ముడు.

వేసవి సెలవులు వచ్చేసరికి గీతకి ఒక వేలు తక్కువలో ఉంది. ఆ వేలు సంగతి నేను చూసుకోవచ్చనుకున్నాను. దానిది ఒత్తు జుట్టు. అంతా పైకి దువ్వి, నడినెత్తిన ముడి చుట్టి, రెండు రబ్బరు బ్యాండ్లు బిగిస్తే గీత దాటి పైకి వచ్చింది. ఈ ఏర్పాటు నాకూ దానికీ మాత్రమే తెలుసు. అద్దంలో నన్ను చూసి నవ్వింది. ఒక రాత్రికి గది బుక్ చేశాం.

మాతో అత్తయ్యగారు కూడా వచ్చారు. పడవ ఎక్కడానికి వెళ్తున్నామంటే ఆవిడకి ఎంతకీ బోధపడలేదు. "మన చెరువులో దోనె లేదా ఏమిటి? దానికోసం గూడెం దాకా ఎందుకమ్మా?" అన్నారు. అయినా వచ్చారు. ఎందుకొచ్చారో భీమడోలు దగ్గర తెలిసింది.

"ఏరా, కారు కొండవైపు తిప్పు," అన్నారు మా ఆయనతో. "పిల్ల మొక్కు ఉండిపోయింది. స్వామి ముందు నుంచి వెళ్తూ తీర్చకుండా పోతే ఏం బాగుంటుంది?"

అది చిన్న తిరుపతి మొక్కు. పుట్టువెంట్రుకలు ఎప్పుడో తీయించాం, ఇది వేరే. మా అమ్మాయి పసిపిల్లగా ఉన్నప్పుడు జ్వరం పట్టుకుని వారమైనా వదల్లేదు. ఏలూరు ఆసుపత్రి వరండాలో నేను ఏ దేవుణ్ణీ అడిగే ఓపిక లేక గోడకి చేరబడి కూర్చుంటే, అడిగే పని ఆవిడే చేశారు. జ్వరం తగ్గింది. తరవాత ఒకసారి పెళ్ళి అడ్డొచ్చింది, ఒకసారి స్కూలు ఫొటో అడ్డొచ్చింది. ఇప్పుడు అడ్డొచ్చేదల్లా నా దగ్గరున్న రెండు రబ్బరు బ్యాండ్లు.

మొక్కు అంటే ఏ కోడలూ కాదనలేదు. "మూడు కత్తెర్లు ఇస్తే సరిపోదాండీ?" అని మెల్లగా అడిగాను. చాలామంది ఆడవాళ్ళు అలాగే ఇస్తారు, మూడుసార్లు కత్తెర పెట్టి కాస్త కాస్త జుట్టు.

"జ్వరం మూడొంతులు తగ్గితే చాలన్నామా అమ్మా?" అన్నారు అత్తయ్యగారు.

మా ఆయన కారు కొండవైపు తిప్పాడు. తమ్ముడికి కూడా పనిలో పని అన్నారు. వాడికి నాలుగేళ్ళు, కల్యాణకట్టలో తడి తల మీద కత్తి నడుస్తుంటే కితకితలని నవ్వాడు. ఇది మాత్రం పీట మీద కూర్చుని, "మామ్మా, గుండు చేస్తే నేను పొట్టి అయిపోతాను," అంది.

"మళ్ళీ వస్తుందమ్మా. దుబ్బుగా వస్తుంది," అన్నారావిడ, గడ్డం పట్టుకుని. ముడి విప్పుతుంటే అది నా వైపు చూసింది. నేను పైకప్పు వైపు చూశాను. అసలే పొట్టి పిల్ల, ఆపైన గుండు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే కాబోలు.

రిసార్టు గేటు దగ్గర బయటి తిండి లోపలికి తేకూడదని బోర్డు ఉంది. అత్తయ్యగారి సంచిలో పులిహోర ఉంది. "స్వామి ప్రసాదం బయటి తిండి ఎలా అవుతుందండీ?" అని గార్డును అడిగి, అతని చేతిలో ఇంత పెట్టారు. అతను కళ్ళకద్దుకుని తిని మమ్మల్ని లోపలికి పంపించాడు. ఆవిడ ఏ గేటు దగ్గరైనా ఇలాగే నెగ్గుతారు.

లోపల మేమొక్కళ్ళమే గుండు వాళ్ళం కాదు. పొద్దున కొండకి, తరవాత ఇక్కడికి వచ్చే కుటుంబాలు చాలా ఉన్నాయి. అలల కొలనులో ఎటు చూసినా గంధం పూసిన గుండ్లే తేలుతున్నాయి. గంధం కడుక్కుని నీళ్ళలో దిగవలెను అని బోర్డు కూడా పెట్టారు. మా వాడు కనబడటం లేదని నేను నాలుగు గుండ్లు తిప్పి చూసి, ముగ్గురు తల్లులకి క్షమాపణ చెప్పాక, వాడు నా చేయి పట్టుకునే ఉన్నాడని తెలిసింది. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతకడం సామెత అనుకునేదాన్ని.

మా అమ్మాయి నీళ్ళలో దిగలేదు. తువ్వాలు తల మీద కప్పుకుని, "పడవ దగ్గరికి వెళ్దాం," అంది.

మొసలి అలాగే నవ్వుతోంది. ఇది వెళ్ళి దాని చేతి కింద, మడమలు నేలకి ఆనించి, చాలా నిజాయితీగా నిలబడింది. నా బాధంతా ఆ నిజాయితీ చూసే. వేలు దూరం. క్యూ దగ్గర మెడలో ఈల వేసుకున్న నడివయసు ఆయన వంగి చూసి తల అడ్డంగా ఊపాడు.

అప్పుడు దానికి ఏడుపొచ్చింది. ఏడుస్తూ రబ్బరు బ్యాండ్ల సంగతి, గుమ్మం మీద గీత సంగతి, బాటిళ్ళ సంగతి అన్నీ మామ్మకి చెప్పేసింది. అత్తయ్యగారు మొత్తం విని నా వైపు తిరిగారు.

"ముందే చెప్పొచ్చు కదమ్మా," అన్నారు.

"మొక్కు కదండీ," అన్నాను.

ఆవిడ చెంగు సర్దుకుని ఆయన దగ్గరికి వెళ్ళారు. "బాబూ, పొద్దుటిదాకా జుట్టు ఉందండీ. ఇంతెత్తు ఉంది. ఇప్పుడే స్వామికి ఇచ్చి వస్తున్నాం. అది కూడా కలుపుకోండి."

"కుదరదండీ మామ్మగారూ."

"పోనీ ఇంకొంచెం గంధం రాస్తాను."

ఆయన నవ్వలేదు. మా అమ్మాయిని చేయి పట్టుకుని తీసుకెళ్ళి, ఆగి ఉన్న పడవలో కూర్చోబెట్టి, ఇనుప కడ్డీ కిందికి దించాడు. కడ్డీ ఆగాక దానికీ పిల్ల పొట్టకీ మధ్య ఆయన చేయి పెట్టి అటూ ఇటూ ఆడించాడు. "చూశావా అమ్మా? పైకి వెళ్ళినప్పుడు ఇందులోంచి జారిపోతావు. ఈ సందు పోవాలి. జుట్టుకీ దీనికీ సంబంధం లేదు."

అది ఆ సందు చూసి బుద్ధిగా తలూపింది. నేనూ చూశాను. నా ముడి, నా బ్యాండ్లు అనుకున్నట్టే పనిచేసి ఉంటే ఆ సందులో మా అమ్మాయి ఉండేది. అక్కడే బెంచీ మీద కూర్చున్నాను. ఈ సంగతి అత్తయ్యగారికి ఇంతవరకూ చెప్పలేదు. చెబితే స్వామి మహిమ అంటారు, నేను కాదనలేను.

ఆవిడ కూడా వచ్చి నా పక్కనే కూర్చున్నారు. కాసేపటికి కొండ ఉన్న దిక్కు చూసి దణ్ణం పెట్టుకున్నారు. ఆ దణ్ణం నాకు తెలుసు.

"మళ్ళీ మొక్కారాండీ?"

"ఆ. దానికి పొడుగు ఇమ్మన్నాను. నా జుట్టు ఇస్తానన్నాను."

అత్తయ్యగారి జుట్టు నడుం దాకా ఉంటుంది. సగం నెరిసినా ఒత్తు తగ్గలేదు. రోజూ కొబ్బరినూనె రాసి, ముడి చుట్టి, కనకాంబరాలు పెట్టుకోకుండా చెరువు గట్టు మీదికి కూడా వెళ్ళరు. మా అమ్మాయికి ఆ ఒత్తు ఆవిడ నుంచే వచ్చింది.

మా ఆయన లెక్కల మనిషి. "పిల్లలు ఎలాగూ ఎదుగుతారు కదమ్మా. దానికి మొక్కెందుకు?" అన్నాడు.

"ఆ జ్వరం కూడా ఎలాగూ తగ్గేదేరా?" అన్నారావిడ. మా ఆయన పులిహోర తినడం మొదలుపెట్టాడు.

ఆ ఏడంతా అత్తయ్యగారు ఎప్పుడొచ్చినా తిన్నగా వంటగది గుమ్మం దగ్గరికే వెళ్ళేవారు. పిల్లని నిలబెట్టి, పెరుగుతున్న జుట్టుని అరచేత్తో గట్టిగా నొక్కి, తల ఎముక తగిలాకే గీత చూసేవారు. దొంగ కొలతలు నా ఒక్కదానితోనే సరి.

మళ్ళీ వేసవికి తల గీత దాటింది. అదే రిసార్టు, అదే మొసలి. ఈసారి తల చేతికి తగిలింది. ఈల ఆయన కడ్డీ దించి, చేయి పెట్టబోతే దూరలేదు. పక్కన వాళ్ళ నాన్న కూర్చున్నాడు. పడవ లేచింది, నేను కళ్ళు మూసుకున్నాను, అత్తయ్యగారు మూసుకోలేదు. మా అమ్మాయి దిగొచ్చి, తిన్నదంతా కక్కేసి, మూతి తుడుచుకుని, మళ్ళీ ఎక్కుతానంది. వాళ్ళ నాన్న ఇక ఎక్కనన్నాడు.

తిరుగు దారిలో కారు కొండ వైపు తిప్పమని ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. దారి పొడుగునా నేను అనాలా వద్దా అనుకుని, చివరికి కల్యాణకట్ట మెట్ల మీద అన్నాను.

"మూడు కత్తెర్లు ఇవ్వండత్తయ్యగారూ. మీ వయసుకి అది చాలు."

"అడిగినంతా ఇచ్చాడు కదమ్మా," అని ఆవిడ వెళ్ళి పీట మీద కూర్చున్నారు.

మా అమ్మాయి పక్కన నిలబడింది. అత్తయ్యగారు పూలు తీసి దాని చేతిలో పెట్టారు. తరవాత పిన్నులు ఒక్కొక్కటే తీసి ఇచ్చారు. ముడి విప్పితే జుట్టు వీపంతా పరుచుకుంది. నాకు ఎప్పుడూ అంత పొడుగు జుట్టు లేదు, ఈర్ష్య కూడా ఉండేది. అప్పుడు మాత్రం కళ్ళు తుడుచుకుంటూ నిలబడ్డాను.

"మామ్మా, పొట్టి అయిపోతావు," అంది మా అమ్మాయి.

"నాకెందుకమ్మా పొడుగు? ఎక్కాల్సిందానివి నువ్వు ఎక్కేశావుగా."

తల తడిపారు. కత్తి నడుస్తున్నంతసేపూ అది కదల్లేదు. దాని గుప్పిట్లోంచి కనకాంబరాలు బయటికొస్తున్నాయి, రెండో చేతిలో పిన్నులు గుచ్చుకుంటున్నట్టున్నాయి. ఇలా ఇవ్వు, నేను పట్టుకుంటానని చేయి చాపాను.

"బరువు లేవమ్మా," అంది.