అవ్వ మణికట్టు మీది పసరు

మొన్న మోకాళ్ల నొప్పులకని నా చెల్లెలు కొని తెచ్చుకున్న పొడి పొట్లం విప్పగానే ఎండిన ఆకు వాసన గుప్పుమని, సముద్రం దగ్గర ఉప్పళంలో మేముండిన పాత ఇంటి వసారాలో కల్వం ముందేసుకుని కూర్చున్న మా అవ్వ కళ్ల ముందుకొచ్చింది. ఆ ఆకు అడంబుది, మేక గిట్టలా చీలిన ఆకులతో, వంగపండు రంగు పూలతో సముద్రపుటిసుక మీద పాకే తీగ.

ఎండాకాలం సెలవుల్లో తెల్లవారగానే అవ్వ మమ్మల్నిద్దరినీ తేంగాయితిట్టు ఒడ్డు దాకా నడిపించేది. దారిలో కొన్న, బియ్యప్పిండి సేమ్యాలాంటి వేడి ఇడియాప్పం తింటూ, చేపల వేలం కేకలు వింటూ మేం గవ్వలేరుకుంటుంటే, ఆమె లేతాకులు కోసి కొంగున మూట కట్టుకునేది. జెల్లీచేప కుట్టినవాళ్లూ, కీళ్లు వాచినవాళ్లూ మా వసారాకే వచ్చేవాళ్లు. నూరిన పసరు ముందు తన మణికట్టు మీద, తర్వాత వాళ్ల మణికట్టు మీద చుక్కంత రాసి, తమలపాకు నమిలేంతసేపు ఆగి, దద్దురు లేవకపోతేనే వైద్యం మొదలుపెట్టేది. పుండు మీద రాసేది కాదు, కడుపుతో ఉన్నవాళ్లకు ముట్టించేదే కాదు. నా కళ్లకు ఆమెను మించిన డాక్టరు లేరు.

ఒకరోజు నాలుగేళ్ల మా చెల్లెలి కాలికే జెల్లీచేప కుట్టింది. అవ్వ పసరు రాసి వీధి కొళాయికి వెళ్లింది. చెల్లెలి ఏడుపు చూడలేక, పైన రాస్తేనే ఇంత గుణమిచ్చేది తాగితే ఇంకెంత ఇస్తుందోనని, నా అతితెలివి కొద్దీ మిగిలిన పసరులో బెల్లం కలిపి తాగించాను. కాసేపటికే వాంతులు, విరేచనాలు పట్టుకుని పిల్ల వేలాడిపోయింది.

"ఏంది తాపినావే?" అంది అవ్వ, చంకలో బిందె దించకుండానే. జరిగింది చెప్పాను.

"ఇది బయటికే పాపా, లోపలికి గాదు," అని మాత్రం అని, చెల్లెల్ని భుజాన వేసుకుని, తీగ ముక్క కూడా పట్టుకుని రిక్షాలో ఆసుపత్రికి పరుగెత్తింది. డాక్టరమ్మ ముందు ఆ తీగ పెట్టి, "మా ఇంటి మందేనమ్మా. పిల్లకు అందేట్టు పెట్టినాను, తప్పు నాదే," అంది. తన పేరు పోతుందన్న ఆలోచనే లేదు ఆ మనిషికి. చెల్లెలు గండం గడిచి ఇంటికొచ్చాక, వసారాకు వచ్చిన ప్రతివాళ్లకూ ఆ సంగతి చెప్పాకే పసరు రాసేది. నా పేరు మాత్రం ఎన్నడూ ఎత్తలేదు.

ఇప్పుడా ఒడ్డు నిండా బండరాళ్లు పోశారు. తీగ పాకడానికి ఇసుకా లేదు, కోయడానికి అవ్వా లేదు. పొట్లం మీద మాత్రం పరగడుపున చెంచాడు పొడి నీళ్లలో కలిపి తాగమని రాసి ఉంది. చెల్లెలు చెంచా అందుకోగానే చెయ్యి పట్టుకుని ఆపాను. ఇన్నేళ్లూ దాచిన మాట అప్పుడు బయటికొచ్చింది. "ఆ పొద్దు నీకు తాపింది అవ్వ గాదు, నేను."

"తెలుసులే అక్కా," అని నవ్వింది. "ఆ బెల్లం యాడ మరిచేది? నాకు తెలుసునని నీతో చెప్పొద్దని అవ్వ ఒట్టేయించుకునింది."

చిటికెడు పొడి నీళ్లతో తడిపి, ముందు నా మణికట్టు మీద రాసుకున్నాను.