ఎర్ర గుడ్డలు, నూట ఇరవై గజాలు

జనగామలో రైలు పట్టాల అవతల జాగా కొన్నానని ఎవరైనా చెబితే, ఆ రోజుల్లో జనం అభినందించేవారు కాదు, ఇంట్లో అంతా బాగానే ఉన్నారా అని అడిగేవారు. అక్కడ తుమ్మచెట్లు, మేకలు, పది పన్నెండు ఇళ్లు తప్ప ఏమీ ఉండేది కాదు. ఇప్పుడు అదే చోట గజం ధర చెప్పే ముందు బ్రోకర్లు చుట్టూ చూసి గొంతు తగ్గిస్తున్నారు. నేను దస్తావేజులు రాసి బతికే మనిషిని కాబట్టి ఈ ధరలు ఎందుకిలా పెరుగుతాయని చాలామంది నన్ను అడుగుతుంటారు. కొత్త జిల్లా, రోడ్డు, బ్యాంకు లోన్లు అంటూ నేనూ ఏదో చెబుతుంటాను. కానీ మా పట్టాల అవతల ధర మొట్టమొదట ఎందుకు కదిలిందో నాకు కచ్చితంగా తెలుసు. లంగా గుడ్డ వల్ల కదిలింది. ఆ గుడ్డ కట్టింది నేనే. ఈ సంగతి నేను దాచినందుకు ఇద్దరు మంచి మనుషులు ఇరవై ఏళ్లు మాట్లాడుకోలేదు. అందుకని ఇప్పుడైనా ఉన్నదున్నట్టు రాయాలి.

దేవరుప్పుల దగ్గర మాకున్న ఎకరంన్నర అమ్మి, ఆ డబ్బు బ్యాంకులో వేసి, అవ్వ (మా వైపు అమ్మను అలాగే పిలుస్తాం) నన్ను వెంటబెట్టుకుని జనగామ వచ్చింది. పట్టాల అవతల ఒక టైలర్ మాస్టర్ ఇంట్లో వెనక గదిలో అద్దెకు దిగాం. ముందు గదుల్లో మాస్టర్, ఆయన భార్య, ముగ్గురు పిల్లలు. నూట ఇరవై గజాల జాగా, మూడు గదులు, వానొస్తే కారే వంటింటి మూల ఒకటి. రంజాన్‌కు వాళ్లింటి నుంచి మాకు గిన్నెడు షీర్ ఖుర్మా వచ్చేది. ఆ గిన్నెను అవ్వ ఎన్నడూ ఖాళీగా తిరిగి పంపలేదు. సర్వపిండో గారెలో పెట్టి పంపేది. మళ్లీ అది మరోదానితో తిరిగొచ్చేది. ఆ గిన్నె అసలు ఎవరిదో రెండిళ్లలోనూ మరిచిపోయారు.

ఒక సాయంత్రం మాస్టర్ మా గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. మెడలో టేపు అలాగే ఉంది. “చెల్లె, బజార్ల ఒక దుకాణం మడిగె అమ్మకానికొచ్చింది. మీద రెండు రూములున్నయి. గీ ఇల్లు నువ్వు తీస్కుంటే మేం గాడికి పోతం. రెండు లక్షల నలభై వేలు. ఇంకొకలకైతే ఇంకో పది చెప్పేటోన్ని” అన్నాడు.

“కారే మూల సంగతేంది మాస్టర్?” అంది అవ్వ.

“గా మూలతోని కలిపే చెప్పిన చెల్లె.”

అవ్వ నవ్వింది. పొలం కొన్నాయన దగ్గర మిగిలిన డబ్బు కూడా చేతికి రాగానే రాయించుకుందామని మాట అనుకున్నారు. కాగితం లేదు, బయానా లేదు, చాయ్ మాత్రం తాగారు. మర్నాటికే అవ్వ ఆ మూల కింద తట్ట పెట్టడం మానేసి, కప్పు పైకి ఎట్ల ఎక్కాలా అని చూడటం మొదలుపెట్టింది.

అప్పుడు నేను ప్లాట్లు చేసి అమ్మే ఒక సేటు దగ్గర పనిచేస్తున్నాను. మా ఇంటికి కొంచెం దూరంలో ఆయన నాలుగెకరాలు కొని, ప్లాట్లు తీసుకునేవాళ్లు లేక ఇరుక్కుపోయి ఉన్నాడు. దాన్ని కొలవడానికి రిటైరైన ఒక సర్వేయర్ సార్‌ను, ఆయన కొలత గొలుసు రెండో కొస పట్టుకోవడానికి నన్ను పెట్టాడు. కొలతకు పాతే కట్టెలు దూరానికి కనబడాలంటే గుడ్డలు కావాలి. నేను మాస్టర్ దుకాణంలో కిందపడ్డ ఎర్ర లంగా గుడ్డ ముక్కలు సంచెడు ఏరుకొచ్చి వెదురు కట్టెలకు కట్టాను. (జేబులో రెండు పెన్నులు, చేతిలో ఒక ఖాళీ ఫైలు పెట్టుకోవడం మాత్రం నా సొంత ఆలోచన. సర్వేకు ఫైలుతో పనేమీ లేదు.) సేటు ఒక్కటే చెప్పాడు: “ఎవలన్న అడిగితే ఏం చెప్పకు. ఇంకా పర్మిషన్ రాలె.”

చాయ్ హోటల్లో మొదటి రోజే అడిగారు. “ఏంది తమ్మీ, ఏం కొలుస్తున్నరు?”

“నేను చెప్పద్దన్న.”

“సర్కారుదా?”

“నన్ను అడగకున్రి.”

పక్క బల్ల మీదాయన గ్లాసు కిందపెట్టి, “చెప్పద్దంటుండంటే సర్కారుదే” అన్నాడు. అంతే. నేను ఒక్క అబద్ధం ఆడలేదు. వారం తిరిగేసరికి నా మౌనంలోంచి ఒక పెద్ద దవాఖాన, ఒక కంపెనీ, రెండు బైపాసులు పుట్టుకొచ్చాయి. నర్సింహులపేట నుంచి ఒక బడి పంతులు వచ్చి సేటు దగ్గర రెండు ప్లాట్లు కొన్నాడు. పంతులే కొన్నాడంటే లోపల ఏదో ఉందని ఎరువుల దుకాణమాయన కొన్నాడు. ఎరువుల దుకాణమాయన ఊరికే కొనడని మరో నలుగురు కొన్నారు. సేటు నా భుజం తట్టి జీతం పెంచాడు. ఊరంతా నన్ను చూసి లోపలి మనిషి అనుకుంటుంటే, నేను ఫైలు చంక మార్చుకుని నడిచేవాణ్ని.

అప్పుడే ఒక మధ్యాహ్నం మాస్టర్ గొలుసు దగ్గరికే వచ్చాడు. “తమ్మీ, మన ఇంటికి మూడు లక్షల బేరమొచ్చింది. నేనియ్య. చెల్లెకు మాటిచ్చిన. కానీ జల్దీ కావాలె. మా బామ్మర్దులు గా బేరానికే ఇయ్యమని పరేషాన్ చేస్తున్నరు. అవ్వకు చెప్పు, గీ శుక్రవారం రాయించుకుందం.”

ఇక్కడే నా తెలివి పనిచేసింది. ఊళ్లో అందరికీ తెలియనిది నాకొక్కడికే తెలుసు కదా. ఆ ధర ఉత్త గాలి. పర్మిషన్ వచ్చి, ఇవి మామూలు ప్లాట్లని తేలిన రోజున ధర దబ్బున కింద పడుతుంది. అప్పుడు ఇదే ఇల్లు రెండు లక్షలకే వస్తుంది. నలభై వేలు మిగిల్చి అవ్వ చేతిలో పెడితే ఎంత మురిసిపోతుందో అనుకున్నాను. “ఇప్పుడొద్దు మాస్టర్. మాకు కుదరది” అన్నాను.

ఆయన మెడలో టేపు తీసి చేతికి చుట్టుకున్నాడు. “అవ్వను అడిగినవా?”

“అడిగిన. ఒద్దన్నది.”

ఇంటికొచ్చాక, అవ్వ ఇల్లు రాయించుకోవడానికి డబ్బు సర్దుకుందామంటూ తనే కదిలించింది. అప్పుడు ఇంకోటి చెప్పాను. “మాస్టర్ మాట తప్పిండవ్వ. మూడు లక్షలంటుండు.” అవ్వ మూలనున్న గిన్నెను రెండుసార్లు తోమి, తుడిచి, ఖాళీగా వాళ్ల గడప మీద పెట్టి వచ్చింది. నెల తిరగకుండా ఇల్లు మారాం.

ఆ ధర పడలేదు. పర్మిషన్ వచ్చింది, మామూలు ప్లాట్లే అని తేలింది, అయినా పడలేదు. కొన్నవాళ్లు తప్పు చేశామని ఒప్పుకోవడానికి ఇష్టంలేక ఇళ్లు కట్టారు. ఇళ్ల కోసం కరెంటు స్తంభాలు వచ్చాయి, స్తంభాల వెంట రోడ్డు వచ్చింది, రోడ్డు చూసుకుని ఒక ప్రైవేటు బడి వచ్చింది. గాలి అన్నది గోడలు కట్టుకుని కూర్చుంది. హైదరాబాద్‌లో కొనలేనివాళ్లు రైలెక్కి ఇటొచ్చారు. జనగామ జిల్లా అయింది. కలెక్టరాఫీసు మా దిక్కున రాకపోయినా ధర మా దిక్కునే పెరిగింది. బ్యాంకులో మా డబ్బు నడుస్తుంటే ఇల్లు పరుగెత్తేది. (దేవరుప్పులలో మేం అమ్ముకున్న ఎకరంన్నర ధర ఇక్కడ రాయను, అవ్వ చదివించుకుని వింటుంది.) దవాఖానలో నర్సయిన మా ఆవిడ బదిలీల వెంట మానుకోట పోయాం. అక్కడా నాలుగు రోజులు ఆగుదామన్నాను, అదీ జిల్లా అయింది. భూపాలపల్లి పోయాం. బొగ్గు ఉన్నన్నాళ్లే ఈ ధరలన్నాను. బొగ్గు ఇంకా ఉంది. తిరిగి తిరిగి మళ్లీ జనగామకే, మళ్లీ అద్దె ఇంటికే వచ్చాం. ఎన్ని వందల దస్తావేజులు రాశానో. తూర్పున ఎవరి ఇల్లో, పడమర ఎవరి గోడో రాసిన నా చెయ్యి, కొన్నవారు అన్నచోట మా ఇంటి పేరు ఒక్కసారీ రాయలేదు.

మొన్న నా బల్ల ముందుకు తెల్లగడ్డంతో ఒక పెద్దాయన వచ్చి కూర్చున్నాడు. మెడలో టేపు లేదు కాబట్టి ఆనవాలు పట్టడానికి కొంచెం సేపు పట్టింది. ఇల్లు అమ్మాలంటే ఏమేం కాగితాలు కావాలని అడిగాడు. చెప్పాను. లేవబోతూ ఆగాడు. “తమ్మీ, చెల్లె బాగున్నదా? ఒక్క మాట అడగాల్నని ఎన్నేండ్ల సంది అనుకుంటున్న. గప్పుడు ఇల్లు ఒద్దన్నది, ఖాళీ గిన్నె పెట్టి పోయింది. నా తోని ఏం తప్పయింది?”

ఆ సాయంత్రం అవ్వకు అంతా చెప్పాను. లంగా గుడ్డ దగ్గర మొదలుపెట్టాను. అవ్వ కోపం చేస్తుందనుకున్నాను. ఆమె లేచి వంటింట్లోకి పోయి బియ్యప్పిండి కలిపింది. “అంగి తొడుక్కో. గిన్నె బాకీ ఉన్నది” అంది.

సర్వపిండి ఇంకా వేడిగా ఉండగానే ఆ గడప దగ్గరికి చేరాం. “ఏం మాస్టర్, మంచిగున్నవా? వీడు నా కొడుకని చెప్పుకునుడు బంద్ చేసిన” అంది అవ్వ. నేను జరిగింది చెప్పి చేతులు జోడించాను. మాస్టర్ సర్వపిండి ముక్క తుంచి నోట్లో వేసుకున్నాడు. తర్వాత నవ్వాడు. “నా దుకాణం గుడ్డతోనే నా ఇల్లు రేటు పెంచినవా? బాగనే ఉన్నది తమ్మీ. కానీ నా ఇల్లు మూడు లక్షలయ్యేసరికి గా మడిగె నాలుగున్నరయ్యింది. గాడికి పోలేదు, ఈడనే ఉన్న. ఇంటి ధర పెరిగింది, ఇల్లు పెరగలె. కొడుకులు ముగ్గురు. పంచితే నలభై గజాలు. అందుకే అమ్ముడు. బయటోళ్లు యాభై అయిదు లక్షలంటున్నరు. చెల్లె తీస్కుంటే యాభై.”

“కారే మూల?” అంది అవ్వ.

“గదీ కలిపే.”

అవ్వ, మాస్టర్ ఇద్దరూ నావైపు చూశారు. నా నోరు దానంతటదే తెరుచుకుంది. “జర ఆగుదం మాస్టర్, ఎలక్షన్లయినంక ఎట్లయినా పడిపో...”

“నువ్వు మాట్లాడకు బిడ్డ” అంది అవ్వ. ఫోన్లో సంగతి విన్న మా ఆవిడ కూడా ఒకటే మాటంది. “ఇరవై ఏండ్ల సంది పడిపోతదంటున్నవు. నీ నెత్తిమీది ఎంట్రుకలు తప్ప ఏం పడ్డయి?” ఆమె రిటైరయ్యేదాకా కట్టాల్సిన బ్యాంకు లోను తీసుకుంది. కొన్నవారు అన్నచోట అవ్వ పేరు, మా ఆవిడ పేరు నా చేత్తోనే రాశాను. మొదటి కాగితంలో మా ఇంటి పేరే తప్పు రాసి పాడు చేశాను.

ఇల్లు చేరిన రోజు చాయ్ హోటల్లో (అది ఇప్పుడు ఏసీ బేకరీ) ఒకాయన పక్కకు జరిగి అడిగాడు. “ఇన్నేండ్లు కొననోనివి ఇప్పుడు కొన్నవట. ఏమన్న వస్తుందా ఈ దిక్కు?” నిజంగానే ఏమీ రావడంలేదు, ఒక పాత గిన్నె తప్ప. అది ఆయనకు చెప్పేదెలా? “నన్ను అడగకున్రి” అన్నాను. తెల్లారి చూస్తే, ఎదురింటి గోడకు ఆరు నెలలుగా వేలాడుతున్న అమ్మకం బోర్డు లేదు. ఖాళీ ఫైలు చంకన పెట్టుకుని తిరిగిన ఆ పిల్లగాడు గుర్తొచ్చి, కారే మూల కింద తట్ట సర్దుతూ, నాలో నేనే నవ్వుకున్నాను.